విందులో డెజర్ట్ టేబుల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

భోజనం ముగిశాక తీపి పదార్థాలన్నిటినీ ఒకే బల్లపై అమర్చి, అతిథులు తమకు నచ్చినవి తామే తీసుకునేలా ఏర్పాటు చేయడం గురించి పాఠకులు తరచుగా రాస్తున్నారు. ఆ ఉత్తరాల్లో ఎక్కువ భాగం అలంకరణ గురించే ఉంటున్నాయి. ఫలానా పదార్థం బల్ల మీద ఎంతసేపు నిలుస్తుంది, దానిని ఎవరు తినకూడదు, ఎప్పుడు తయారు చేయాలి అన్న ప్రశ్నలు తేలిన తర్వాతే అలంకరణ సంగతి ఆలోచించాలని మా అభిప్రాయం. అందుకే ఈసారి ఉత్తరాలను ఆ వరుసలోనే తీసుకున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి చదువు పూర్తయిన సందర్భంగా అరవై మందిని రాత్రి భోజనానికి పిలుస్తున్నాము. భోజనం తర్వాత డెజర్ట్ టేబుల్ ఉండాలని అమ్మాయి కోరిక. కేకు ఎలాగూ కోస్తాము. అది కాక ఎన్ని రకాలు పెట్టాలి, ఒక్కొక్కటి ఎన్ని చేయించాలి? పదీ పన్నెండు రకాలు లేకపోతే బల్ల నిండుగా కనిపించదని ఇంట్లో అంటున్నారు.

జవాబు: పన్నెండు రకాలు వద్దు. మీ విందుకు కేకుతో కలిపి అయిదు రకాలు చాలు. రకాలు పెరిగిన కొద్దీ అతిథులు ప్రతిదానినీ రుచి చూడాలని పళ్లెంలో పెట్టుకుంటారు, సగం సగం కొరికి వదిలేస్తారు. దానితో మొత్తం ఖర్చు పెరుగుతుంది, వృథా కూడా పెరుగుతుంది. బల్ల నిండుగా కనిపించాలంటే రకాల సంఖ్య కన్నా అమర్చే పద్ధతి ముఖ్యం. దాని గురించి కింద మరో ప్రశ్నకు ఇచ్చిన జవాబులో రాశాము.

లెక్క ఇలా వేసుకోండి. కడుపునిండా భోజనం చేసిన తర్వాత ఒక్కొక్కరు రెండు మూడు చిన్న ముక్కలకు మించి తినలేరు. చిన్న ముక్క అంటే రెండు కొరుకుల్లో అయిపోయేది. భోజనం లేకుండా కేవలం తీపి పదార్థాల కోసమే పిలిచిన విందు అయితే తలకు నాలుగు నుంచి ఆరు వరకు లెక్కగట్టాలి. మీది భోజనం తర్వాత కాబట్టి తలకు మూడు చొప్పున 180 అవుతాయి. అందులో కేకు ముక్క ఒకటి కనుక అవి 60 పోను, మిగిలిన నాలుగు రకాలకూ కలిపి 120 కావాలి. ఈ 120ని నాలుగు సమాన భాగాలు చేయడం చాలామంది చేసే పని, కానీ అది సరికాదు. చాక్లెట్‌తో చేసినది ఏ విందులోనైనా ముందుగా ఖాళీ అవుతుంది, కాబట్టి దానికి 40 కేటాయించండి. పండ్లతో చేసినవి 30, కరకరలాడే బిస్కెట్ల వంటివి 25, చిన్న గాజు కప్పుల్లో పోసిన పుడ్డింగు లేదా కస్టర్డు 25 ఉంటే సరిపోతుంది. వచ్చేవారిలో పిల్లలు ఎక్కువగా ఉంటే పుడ్డింగు కప్పులు తగ్గించి బిస్కెట్లు పెంచండి.

కేకు విషయంలో ఒక మాట. అడ్డుకొలత కొంచెం పెరిగితే కేకు ఎంతో పెరుగుతుందని ఆర్డరు ఇచ్చేటప్పుడు చాలామందికి తట్టదు. ఒకే ఎత్తున్న 6 అంగుళాల గుండ్రటి కేకు కన్నా 9 అంగుళాల కేకు రెండుంపావు రెట్లు పెద్దది. కేకు ఎన్ని అంగుళాలు, ఎన్ని కిలోలు అని కాకుండా, పక్కన ఇతర తీపి పదార్థాలు కూడా ఉంటాయని చెప్పి, సన్నని ముక్కలు ఎన్ని వస్తాయో అడిగి ఆర్డరు ఇవ్వండి.

రకాలను ఎంచుకునేటప్పుడు అన్నీ తియ్యగా, మెత్తగా, క్రీముతోనే ఉండకుండా చూడండి. ఒకటి పుల్లగా ఉండాలి, నిమ్మరసం వేసిన టార్టు (కాల్చిన పిండి గిన్నెలో తీపి నింపి చేసేది) కావచ్చు, పుల్లని పండ్లు కావచ్చు. ఒకటి చేదు తగిలే ముదురు చాక్లెట్‌తో చేసినదై ఉండాలి. ఒకటి పంటికింద కరకరలాడాలి. ఉప్పు చిటికెడు తగిలిన తీపి పదార్థం ఒకటి ఉంటే మిగిలిన వాటి రుచి కూడా నిలబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. ఐస్‌క్రీమ్ కరిగాక మరీ తియ్యగా అనిపించడానికి కారణం అదే. కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసి రుచి చూసి, చక్కెర చాలలేదని మరికొంత కలపకండి. బల్ల మీదికి వచ్చి కాస్త చల్లదనం తగ్గేసరికి అది వెగటు పుట్టిస్తుంది.

ప్రశ్న: మా సంస్థ వార్షికోత్సవం ఆరుబయట, తోటలో, మధ్యాహ్నం మొదలై సాయంత్రం వరకు జరుగుతుంది. డెజర్ట్ టేబుల్ బాధ్యత నాకు అప్పగించారు. ఇంతకుముందు ఇటువంటి వేడుకలో క్రీము జారిపోవడం, చాక్లెట్ చేతులకు అంటుకోవడం, మరునాడు ఇద్దరు ముగ్గురికి కడుపు నొప్పి రావడం చూశాను. ఎండాకాలంలో అసలు ఈ ఏర్పాటు సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కానీ చల్లని గదిలో చేసే విందు జాబితాను తోటలోకి తీసుకువెళితే మీరు చూసినదే మళ్లీ జరుగుతుంది. ఏ పదార్థం ఎందుకు చెడుతుందో తెలిస్తే జాబితా దానంతట అదే మారుతుంది, కాబట్టి ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాము.

చాక్లెట్‌కు గట్టిదనం ఇచ్చేది కోకో వెన్న. అది దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడడం మొదలవుతుంది. వెన్న కూడా ఇంచుమించు ఆ వేడికే కరుగుతుంది కనుక, వెన్నతో చేసిన పూత ఉన్న కేకు ఎండలో ముందు మెరిసి, తర్వాత జారుతుంది. గిలకొట్టిన క్రీము ఇంకా సున్నితమైనది. అందులోని కొవ్వు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గాలి బుడగలను పట్టి ఉంచుతాయి, కొవ్వు మెత్తబడగానే ఆ పట్టు సడలి బుడగలు కూలిపోతాయి, క్రీము నీరు విడుస్తుంది. జెలటిన్‌తో గట్టిపరిచిన జెల్లీలు, మూసులు (నురగలా తేలికగా ఉండే మెత్తని తీపి పదార్థాలు) మన ఒంటి వేడికే కరుగుతాయి. నోట్లో వేసుకోగానే కరిగిపోవడం వాటి గొప్పదనం అయితే, ఎండలో బల్ల మీద కరిగిపోవడం వాటి లోపం.

జెలటిన్ బదులు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ వాడితే ఈ చిక్కు తీరుతుంది. అగర్ ఒకసారి గట్టిపడిందంటే సుమారు 85 డిగ్రీల వేడి తగిలితే తప్ప మళ్లీ కరగదు, కాబట్టి ఏ ఎండకైనా నిలుస్తుంది. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది గనుక శాకాహారులు తినరు, అగర్ అందరికీ పనికొస్తుంది. అయితే ఇది నోట్లో కరగదు, కొంచెం పొడిపొడిగా విరుగుతుంది. అందువల్ల తక్కువ మోతాదులో వాడి, ముందుగా ఇంట్లో ఒకసారి చేసి చూసుకోవాలి. మరొక జాగ్రత్త కూడా ఉంది. పచ్చి అనాస, బొప్పాయి, కివి పండ్లలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు ఉంటాయి, అవి కలిస్తే జెలటిన్ ఎన్ని గంటలు ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. ఆ పండ్లను ఉడికించి వేయాలి, లేదా అగర్ వాడాలి.

గాలిలో తేమ ఉన్న రోజున శత్రువు వేడి ఒక్కటే కాదు. చక్కెర తేమను పీల్చుకుంటుంది కనుక, గుడ్డు తెల్లసొనతో చేసే మెరింగులు, పాకంతో అల్లిన అలంకారాలు కాసేపట్లోనే జిగురుగా మారతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చాక్లెట్లను వెంటనే ఆరుబయట తెరిస్తే వాటి మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు చేరి, ఆరాక తెల్లని మచ్చలు మిగులుతాయి. డబ్బా మూత తీయకుండా కొంతసేపు నీడలో ఉంచి, చల్లదనం తగ్గాక తెరిస్తే ఆ మచ్చలు రావు.

ఇక కడుపు నొప్పి సంగతి. పాలు, గుడ్లు, క్రీము, కస్టర్డు ఉన్న పదార్థాల్లో హానికరమైన సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. ఇటువంటివి ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున ఆ గడువు ఒక్క గంటే. ఇక్కడ చాలామంది పొరబడేది గడువు ఎప్పుడు మొదలవుతుందన్న విషయంలో. పదార్థం ఫ్రిజ్ దాటిన నిమిషం నుంచే లెక్క మొదలవుతుంది. చల్లదనం లేని బండిలో గడిచిన అరగంట, బల్ల సర్దడానికి పట్టిన అరగంట, ఉపన్యాసాలు ముగియడం కోసం ఎదురుచూసిన అరగంట, ఇవన్నీ అందులోకే వస్తాయి. పదార్థం వాసన, రంగు మారకపోయినా అది పాడై ఉండవచ్చు, కాబట్టి ముక్కుతో చూసి నిర్ణయించకండి. చీటీ మీద సమయం రాసుకోండి.

మీ కార్యక్రమం నాలుగైదు గంటలు సాగుతుంది కనుక అన్నీ ఒకేసారి బయట పెట్టే ఆలోచన మానుకోండి. క్రీము, కస్టర్డు ఉన్నవాటిని చిన్న పళ్లేలలో, అరగంటలో చెల్లిపోయేంత మాత్రమే బయటికి తెప్పించండి, మిగిలినవి మంచు నింపిన పెట్టెలో లేదా లోపలి ఫ్రిజ్‌లో ఉండాలి. ఖాళీ అయిన పళ్లెంలోనే కొత్తవి నింపకూడదు, పళ్లేన్నే మార్చాలి. లోతైన పెద్ద పళ్లెంలో మంచు ముక్కలు పోసి, దానిపై మరో పళ్లెం పెట్టి కప్పులు అమరిస్తే చల్లదనం మరికొంత నిలుస్తుంది. కరిగిన నీరు పొంగి తీపిలోకి చేరకుండా ఎవరో ఒకరు చూస్తుండాలి. ఐస్‌క్రీమ్‌ను బల్ల మీద పెట్టనే వద్దు. ఒక మనిషి పెట్టెలోంచి తీసి అడిగిన వారికి అందించడమే మంచిది.

ఆరుబయటికి నిజంగా తగినవి బిస్కెట్లు, నూనెతో చేసిన కేకులు, ఎండు ఫలాలతో చేసినవి, కోయకుండా పెట్టిన ద్రాక్ష వంటి పండ్లు. నూనె ద్రవంగానే ఉంటుంది కనుక దానితో చేసిన కేకు చల్లగా ఉన్నా గట్టిపడదు, వేడికీ రూపం మారదు. ఈ రకాలు బల్లలో మూడు వంతులు ఆక్రమించేలా, మిగిలిన ఒక వంతు మాత్రమే చల్లనివి ఉండేలా జాబితా రాసుకోండి. బల్లను ఉదయం నీడ ఉన్న చోట కాకుండా, కార్యక్రమం జరిగే వేళకు నీడ ఎక్కడ పడుతుందో ముందురోజే చూసి అక్కడ వేయించండి. ఈగలకు వల మూతలు తప్పనిసరి.

ప్రశ్న: మా ఇంటి వేడుకకు వచ్చే బంధువుల్లో ఒక బాబుకు వేరుశనగ పడదు. మా నాన్నగారితో పాటు మరికొందరికి మధుమేహం ఉంది. వీరికోసం పక్కన వేరే బల్ల పెట్టాలా? షుగర్ ఫ్రీ మిఠాయిలు తెప్పిస్తే సరిపోతుందా?

జవాబు: ఈ రెండూ వేర్వేరు సమస్యలు. వేరుశనగ పడనివారికి పొడి రూపంలో తగిలిన అణువంత కూడా ప్రాణాపాయం కాగలదు. ఒకే పట్టుకారతో రెండు పళ్లేలలోంచి తీయడం, వేరుశనగ పొడి చల్లిన బిస్కెట్ల ముక్కలు పక్క పళ్లెంలో రాలడం చాలు. మీ ఇంటి వేడుకే కాబట్టి వేరుశనగను జాబితా నుంచి పూర్తిగా తీసేయడం అన్నిటికన్నా సులువైన, నిశ్చింతైన మార్గం. బయటినుంచి తెప్పించేవాటి విషయంలో వేరుశనగ వేశారా అని మాత్రమే కాక, అదే వంటగదిలో, అదే పాత్రల్లో వేరుశనగ వాడతారా అని కూడా అడగండి. స్పష్టమైన సమాధానం రాకపోతే ఆ పదార్థం వద్దనుకోండి. బాబు తల్లిదండ్రులకు జాబితా ముందే చూపించి, వారి మందులు దగ్గర ఉంచుకోమని చెప్పండి.

మిగిలిన అతిథుల కోసం ప్రతి పళ్లెం ముందు ఒక చిన్న కార్డు పెట్టండి. అందులో పదార్థం పేరుతో పాటు పాలు, గుడ్లు, గోధుమ, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, నువ్వులు, వీటిలో ఏమున్నాయో రాయాలి. పచ్చి గుడ్డు వేసే మూసు వంటివి ఉంటే ఆ సంగతి తప్పక రాయండి, అవి గర్భిణులకు, వృద్ధులకు, చిన్నపిల్లలకు మంచివి కావు. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె కలిసినది ఏదీ పెట్టకూడదు. అయిదేళ్ల లోపు పిల్లలకు అందే ఎత్తులో గుండ్రటి గట్టి మిఠాయిలు, పూర్తి గింజలు, కోయని ద్రాక్ష ఉంచకండి, అవి గొంతులో ఇరుక్కుంటాయి.

మధుమేహం ఉన్నవారికి వేరే బల్ల పెట్టవద్దు. వేడుకలో పెద్దవారిని పక్కకు కూర్చోబెట్టినట్టు అవుతుంది, అది వారికి బాధ కలిగిస్తుంది. షుగర్ ఫ్రీ అన్న మాటను నమ్మి ఎక్కువ తినడం కూడా ప్రమాదమే. అందులో చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది, ఆ పిండి కడుపులో చక్కెరగానే మారుతుంది. తీపి కోసం వాడే మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి మోతాదు మించితే కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తాయి. అందరికీ పెట్టే బల్ల మీదే తాజా పండ్లు, ఉప్పు వేయని గింజలు (వేరుశనగ కానివి), చక్కెర తక్కువ ఉన్న ముదురు చాక్లెట్ చిన్న ముక్కలు ఉంచి, అన్నిటినీ చిన్న పరిమాణంలో చేయిస్తే వారు తమ వైద్యుని సలహా ప్రకారం తమకు తగినంత తామే తీసుకోగలరు.

ప్రశ్న: ఎంత ఖర్చు పెట్టినా మా బల్ల ఫొటోల్లో చూసిన వాటిలా ఉండదు. పళ్లేలన్నీ ఒకే మట్టంలో పరిచినట్టు ఉంటాయి. దానికి తోడు అతిథులు ఒకేచోట గుమిగూడిపోతారు. పూలు, మెరుపుల పొడి వాడవచ్చా?

జవాబు: మీరు చెప్పిన లోపం ఎత్తుల్లో ఉంది. గట్టి అట్టపెట్టెలనో, బోర్లించిన గిన్నెలనో బల్ల మీద ఉంచి, వాటిపై గుడ్డ పరిచి, వెనుక వరుస ఎత్తుగా, ముందు వరుస తక్కువగా మూడు మట్టాలు కల్పించండి. కేకును మధ్యకు కాస్త పక్కగా, అన్నిటికన్నా ఎత్తున ఉంచండి. ఒకే రకాన్ని రెండు మూడు చోట్ల చిన్న పళ్లేలలో పెడితే బల్ల నిండుగా కనిపిస్తుంది, జనం కూడా ఒకేచోట ఆగరు. గుడ్డ, పాత్రలు ఒకటి రెండు రంగులకే పరిమితమైతే తీపి పదార్థాల రంగు ఎత్తిచూపుతుంది.

గుమిగూడడం తగ్గాలంటే బల్లను గోడకు ఆనించకండి. వెనుక మనిషి నిలబడి పళ్లేలు మార్చేంత చోటు ఉండాలి. పళ్లేలు మొదట్లో, చెంచాలు, చేతిగుడ్డలు చివర్లో ఉంచాలి, లేకపోతే అతిథి అన్నీ ఒక చేతిలో పట్టుకుని వడ్డించుకోవడానికి తంటాలు పడతాడు. అతిథులు ఎక్కువమంది అయితే బల్లను మధ్యలో వేసి రెండు వైపుల నుంచీ తీసుకునేలా చేయండి. ప్రతి పదార్థానికీ దాని పట్టుకారు దానికే ఉండాలి.

పూలను పాత్రలో ఉంచి బల్ల మీద పెట్టడం వేరు, కాడతో సహా కేకులో గుచ్చడం వేరు. గన్నేరు, హైడ్రేంజియా వంటివి విషపూరితమైనవి, తినే పదార్థం దరిదాపుల్లోకి రాకూడదు. అలంకారం కోసం పెంచిన పూల మీద పురుగుమందు చల్లి ఉండవచ్చు కనుక, తినడానికని ప్రత్యేకంగా పెంచిన పూలు తప్ప మరేవీ కేకును తాకకుండా చూడండి. మెరుపుల పొడి డబ్బా మీద తినదగినదని స్పష్టంగా రాసి, అందులో కలిపిన పదార్థాల జాబితా కూడా ఉంటేనే వాడండి. విషం కాదు అని మాత్రమే రాసి ఉంటే అది చేతిపనులకు ఉద్దేశించినది, ఆహారం కాదు.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తున్నాను. ముప్పై మందికి అన్నీ ఇంట్లోనే, ఒక్కదాన్నే చేయాలనుకుంటున్నాను. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి? విందు తర్వాత మిగిలినవి బంధువులకు కట్టి ఇవ్వవచ్చా?

జవాబు: ఒక్కరే చేస్తున్నారు కనుక నాలుగు రకాలకు మించవద్దు. అందులో పొయ్యి లేదా ఓవెన్ అవసరం లేనిది కనీసం ఒకటి ఉండాలి. బిస్కెట్లు వారం ముందే చేసి గాలి చొరని డబ్బాలో దాచవచ్చు. పూత వేయని కేకును పూర్తిగా చల్లారనిచ్చి, రెండు పొరలు చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో రెండు మూడు వారాలు ఉంచవచ్చు. పూత పట్టించడానికి కూడా చల్లని కేకే సులువు, పొడి రాలదు. టార్టుల పిండి గిన్నెలు రెండు రోజుల ముందు కాల్చి ఉంచుకుని, లోపలి నింపుడు మాత్రం ఆ రోజే వేయండి, లేకపోతే అడుగు మెత్తబడుతుంది. పుడ్డింగు కప్పులు ముందురోజు రాత్రి చేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. క్రీము గిలకొట్టడం, పండ్లు కోయడం ఆ రోజు పని. ఆపిల్, అరటి ముక్కలకు నిమ్మరసం పట్టిస్తే నల్లబడవు.

మొదలుపెట్టే ముందు మీ ఫ్రిజ్‌లో ఎంత చోటుందో కొలిచి చూడండి. ఇంటి విందుల్లో మొదట తలెత్తే ఇబ్బంది ఇదే, కానీ దీనిని ముందుగా తలచుకునేవారు తక్కువ. ముప్పై పుడ్డింగు కప్పులకు, కేకుకు, ఇంట్లో రోజువారీ వాడే పాలకూ కూరలకూ కలిపి చోటు చాలకపోతే కప్పుల బదులు ఫ్రిజ్ అవసరం లేని రకాన్ని ఎంచుకోండి. పూర్తిగా నిండిన ఫ్రిజ్‌లో చల్లగాలి తిరగదు, కొత్తగా పెట్టినవి చల్లబడడానికి చాలా సమయం పడుతుంది.

కట్టి ఇవ్వడం గురించి ఇలా చేయండి. బిస్కెట్లు, పూత లేని కేకు, చాక్లెట్లు నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. బల్ల మీద పెట్టకుండా ఫ్రిజ్‌లోనే మిగిలిపోయిన పుడ్డింగు కప్పులను దగ్గర్లో ఉండేవారికి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పి ఇవ్వండి. ఫ్రిజ్ బయట రెండు గంటలు దాటిన క్రీము, కస్టర్డు పదార్థాలను మాత్రం, ఎంత మిగిలినా, ఎంత శ్రమపడి చేసినవైనా, పారేయాల్సిందే. ఇవ్వదగినవి ఏవో విందుకు ముందే నిర్ణయించుకుని, చిన్న డబ్బాలు సిద్ధంగా ఉంచుకుంటే, అతిథులు బయలుదేరే తొందరలో ఒకదానికి బదులు మరొకటి కట్టి ఇచ్చే పొరపాటు జరగదు.